మూడో స్థానం, నాలుగో స్థానం: ఇంగ్లండ్ బరో ఎన్నికల ఫలితాన్ని ఎలా చదవాలి

మీ ప్రశ్నల సారం ఇది. మీరు లండన్‌లోని హారో బరోలో (బరో అంటే మన మున్సిపాలిటీలా సొంత కౌన్సిల్ ఉన్న ప్రాంతం) ఉంటున్నారు. అక్కడి 2022 కౌన్సిల్ ఎన్నికల ఫలితాలు తీసి చూశారు. ఒక్కో వార్డులో ఇద్దరు ముగ్గురి పేర్ల ఎదురుగా ‘ఎన్నికయ్యారు’ అని ఉంది. అభ్యర్థుల ఓట్లన్నీ కూడితే ఓటేసినవాళ్ల సంఖ్యకు దాదాపు మూడింతలు వస్తోంది. ఒకే పార్టీ నుంచి నిలబడ్డ ముగ్గురికీ మూడు రకాల ఓట్లు పడ్డాయి. శాతాలు కూడితే వంద రావడం లేదు. కన్జర్వేటివ్‌లకు మూడు సీట్లు పెరిగితే లేబర్‌కి పదకొండు తగ్గాయట, మరి మిగతా ఎనిమిది ఏమయ్యాయి? చివరగా, భారత పౌరసత్వంతోనే ఉన్న మీకు ఇందులో ఓటు ఉందా?

ఎనిమిది సీట్ల లెక్కతో మొదలుపెడతాను, అది తేలిక. ఆ ఎనిమిదీ ఎవరికీ పోలేదు, రద్దయ్యాయి. 2018లో హారో కౌన్సిల్‌కి 63 సీట్లు: 21 వార్డులు, వార్డుకి ముగ్గురు. అప్పుడు లేబర్‌కి 35, కన్జర్వేటివ్‌లకు 28 వచ్చాయి. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో వార్డుల హద్దులు గీసే స్వతంత్ర కమిషన్ హారో మ్యాపును తిరగరాసింది. 2022 మే 5న ఎన్నిక జరిగింది 22 వార్డులకి. వాటిలో 11 వార్డులకు ముగ్గురేసి, 11 వార్డులకు ఇద్దరేసి: 33, 22 కలిపి 55. ఫలితం కన్జర్వేటివ్ 31, లేబర్ 24. ప్లస్ 3, మైనస్ 11 కలిపితే మైనస్ 8. అరవై మూడు యాభై అయిదైంది కాబట్టి లెక్క సరిపోయింది.

ఇక్కడ చాలామంది గమనించని ముక్క ఒకటుంది. పాత కౌన్సిల్‌లో మెజారిటీకి 32 కావాలి. కన్జర్వేటివ్‌లు 2022లో గెలిచిన 31 సీట్లు పాత సభలో అయితే ఒక్కటి తక్కువ. కొత్త సభలో 28 చాలు కాబట్టి అవే 31 సీట్లతో సుఖంగా అధికారంలోకి వచ్చారు. కాబట్టి ‘మార్పు’ అనే నిలువు వరస చూసేముందు మొత్తం సీట్లు పోయినసారికీ ఈసారికీ ఒకటేనా అని చూడండి. అదే రోజు లండన్‌లోని ఇంకో బరో వెస్ట్‌మిన్‌స్టర్‌లో కూడా 60 సీట్లు 54 అయ్యాయి. లేబర్ 19 నుంచి 31కి పెరిగింది, కన్జర్వేటివ్ 41 నుంచి 23కి పడింది. అంటే ప్లస్ 12, మైనస్ 18. బార్నెట్‌లో మాత్రం 63 సీట్లు 63గానే ఉన్నాయి కాబట్టి లేబర్ 25 నుంచి 41, కన్జర్వేటివ్ 38 నుంచి 22: ప్లస్ 16, మైనస్ 16. సీట్ల సంఖ్య అదే ఉన్నా వార్డుల గీతలు మారి ఉండొచ్చు. అలాంటప్పుడు ఫలానా వార్డు ‘చేతులు మారింది’ అనే మాటని కొంచెం అనుమానంగానే తీసుకోవాలి. పేరు పాతదే, అందులోని వీధులు వేరు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. కొందరు గత సాధారణ ఎన్నికతో పోల్చి మార్పు చెబుతారు, కొందరు ఎన్నికల ముందు రోజు సభలో ఉన్న బలంతో పోలుస్తారు. నాలుగేళ్లలో ఉప ఎన్నికలు, పార్టీ మార్పులు బోలెడు జరుగుతాయి. ఇంగ్లండ్‌లో కౌన్సిలర్ పార్టీ మారినా సీటు పోదు, ఫిరాయింపు చట్టం లాంటిది లేదు. అందుకే ఒకే ఫలితానికి రెండు పత్రికల్లో రెండు ‘మార్పు’ అంకెలు కనిపిస్తే కంగారుపడకండి.

ఇక ఒకే వార్డులో ముగ్గురి సంగతి. జీహెచ్ఎంసీలో వార్డుకి ఒక్క కార్పొరేటరే కాబట్టి మనకి ఇది వింతగా ఉంటుంది గానీ, మన అపార్ట్‌మెంట్ సొసైటీల్లో, బార్ అసోసియేషన్లలో కార్యవర్గ సభ్యుల్ని ఎన్నుకునేది ఇలాగే. ఎన్ని ఖాళీలుంటే అన్ని ఓట్లు. పార్టీ తన ముగ్గురిని ప్యానెల్‌గా నిలబెడుతుంది. ఓటరు ప్యానెల్ మొత్తానికీ వేయొచ్చు, ఇద్దరు ఇటు ఒకరు అటు క్రాస్ ఓటింగ్ చేయొచ్చు, ఒక్కరికే వేసి మిగతా రెండు ఓట్లూ వాడకుండా వదిలేయొచ్చు. ఒకే అభ్యర్థికి మూడూ గుద్దడం మాత్రం కుదరదు. 2021లో తెలుగు సినీ నటుల సంఘం ‘మా’ ఎన్నికలు గుర్తున్నాయి కదా. అధ్యక్ష పదవి ఒక ప్యానెల్‌కి, ఎగ్జిక్యూటివ్ వైస్ ప్రెసిడెంట్ పదవి ఎదుటి ప్యానెల్‌కి వెళ్లాయి. అక్కడ పదవులు వేరువేరు, ఇక్కడ మూడు సీట్లూ సమానమే. కానీ ఓటరు ప్యానెల్‌ని చీల్చే తీరు మాత్రం అదే.

అంకెలతో చూద్దాం. ఇది ఉదాహరణ కోసం అల్లిన వార్డు, ఏ నిజమైన వార్డూ కాదు. మూడు సీట్లు, 9,800 మంది ఓటర్లు, పెట్టెల్లోంచీ పోస్టులోనూ వచ్చిన బ్యాలెట్లు 3,920. అంటే పోలింగ్ 40 శాతం. చెల్లనివి 20 పోగా 3,900 కాగితాలు.

క పార్టీ: 1,720 – 1,655 – 1,540
చ పార్టీ: 1,690 – 1,580 – 1,490
ట పార్టీ, ఒక్కరే అభ్యర్థి: 610
త పార్టీ, ఒక్కరే అభ్యర్థి: 520

గెలిచేది పార్టీ కాదు, పైనుంచి మొదటి ముగ్గురు మనుషులు. 1,720 క, 1,690 చ, 1,655 క. వార్డు ఫలితం క పార్టీకి రెండు, చ పార్టీకి ఒకటి. ఈ పట్టికలో అసలు చూడాల్సిన అంకె మొదటి వరసలో లేదు. మూడో స్థానం 1,655, నాలుగో స్థానం 1,580. ఆ తేడా 75. ఈ వార్డు ‘మెజారిటీ’ అంటే అదే. మొదటి అభ్యర్థికీ రెండో అభ్యర్థికీ మధ్య 30 ఓట్లే తేడా ఉంది కదా, హోరాహోరీ అనుకుంటారు చూసినవాళ్లు. వాళ్లిద్దరూ గెలిచినవాళ్లే, ఆ తేడాకి విలువే లేదు. వచ్చేసారి ఈ వార్డులో ఏం జరుగుతుందో అంచనా వేసే పార్టీ కార్యకర్త చూసేది ఆ 75నే. రెండు సీట్ల వార్డైతే రెండో స్థానానికీ మూడో స్థానానికీ మధ్య తేడా చూడాలి.

మొత్తం ఓట్లు 10,805. కాగితాలు 3,900 అయినప్పుడు గరిష్ఠంగా 11,700 ఓట్లు పడొచ్చు. 895 ఓట్లు వాడలేదు. సగటున ఒక్కో కాగితం మీద 2.77 గుర్తులు. ట, త పార్టీలవాళ్లు చాలామంది తమ ఒక్కడికి వేసి ఆగిపోయారన్నమాట. అది తెలివితక్కువ పని కాదు. మీకు కావాల్సింది ఆ ఒక్కరే అయితే, మిగతా రెండు ఓట్లూ అతనికి పోటీగా నిలబడ్డవాళ్లకే బలం.

శాతాల గొడవ ఇక్కడే పుడుతుంది. ట పార్టీకి ఎంత శాతం? మొత్తం ఓట్ల మీద వేస్తే 610 బై 10,805, అంటే 5.6 శాతం. కానీ ఆ పార్టీ ఒక్కరినే నిలబెట్టింది, క, చ పార్టీలు ముగ్గురేసి. కాబట్టి ఇది అన్యాయమైన లెక్క. రెండో పద్ధతి, పార్టీకి ఒక్కరు చొప్పున అందరికంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నవాళ్లనే తీసుకోవడం: 1,720, 1,690, 610, 520 కలిపి 4,540. అప్పుడు క 37.9, చ 37.2, ట 13.4, త 11.5. అవే కాగితాలు, అదే రాత్రి, 5.6 శాతం కాస్తా 13.4 అయింది. మూడో పద్ధతిలో ఒక్కో అభ్యర్థి ఓట్లని చెల్లిన కాగితాలతో భాగిస్తారు: మొదటి అభ్యర్థికి 44.1 శాతం, అందరివీ కూడితే 277. కూడితే వంద రావడం లేదని మీరన్న శాతాలు ఇవే. మూడూ తప్పు కావు. కానీ ఒక బరోని ఒక పద్ధతిలో, పక్క బరోని ఇంకో పద్ధతిలో లెక్కగట్టి పోల్చేవాళ్లున్నారు, అది తప్పు. నా మటుకు నేను పోలికకి రెండో పద్ధతినే నమ్ముతాను. చిన్న పార్టీ పూర్తి ప్యానెల్ పెట్టలేకపోయిన చోట అదే తక్కువ అబద్ధం చెబుతుంది.

ఒకే ప్యానెల్‌లో 1,720 ఒకరికి, 1,540 ఒకరికి ఎందుకు? కొంత వ్యక్తిగత పరిచయం, కొంత ఎప్పటినుంచో కౌన్సిలర్‌గా ఉండటం. కానీ పెద్ద కారణం చాలాసార్లు అక్షరక్రమం. బ్యాలెట్ మీద పేర్లు ఇంటిపేరు అక్షరక్రమంలో ఉంటాయి, పార్టీ వారీగా కాదు. పైనుంచి చదువుకుంటూ వచ్చే ఓటరు తన పార్టీ గుర్తు కనబడగానే వేస్తాడు. మూడో మనిషి పేరు పదకొండో వరసలో ఉంటే అక్కడిదాకా వెళ్లకుండానే కాగితం మడిచేస్తాడు. పార్టీలో నాలుగు ఫలితాలు పరిశీలించినవాళ్లెవరినైనా అడగండి, ఇంటిపేరు జెడ్‌తో మొదలయ్యే అభ్యర్థికి ఎన్ని ఓట్లు తరుగుతాయో ఒక అంచనా చెబుతారు. పేరుని బట్టి మతమో దేశమో ఊహించి ఆ ఒక్కరిని వదిలేసే ఓటర్లూ ఉంటారు. ఒక్క వార్డు అంకెల్లోంచి ఈ రెండు కారణాల్నీ విడదీయడం కుదరదు. చాలా వార్డులు పక్కపక్కన పెట్టాలి.

లెక్కింపు హాల్లో ఏం జరుగుతుందో తెలిస్తే ఈ అంకెలు ఇంకా బాగా అర్థమవుతాయి. ముందు ఎవరికెన్ని అని చూడరు. ఒక్కో పెట్టెలో కాగితాలు ఎన్నున్నాయో లెక్కపెట్టి, పోలింగ్ కేంద్రం అధికారి రాసిచ్చిన బ్యాలెట్ లెక్కతో సరిచూస్తారు. ఇది సరిపోయాకే అసలు పని. ఆ తర్వాత ఒక పెట్టె కాగితాల్ని కనీసం ఇంకో పెట్టె కాగితాలతో కలిపేయాలి. పోస్టల్ ఓట్లూ అందులో కలిసిపోతాయి. మనవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్నకి ఇదే జవాబు: ఏ బూత్‌లో ఎవరికెన్ని పడ్డాయన్న అంకె బయటికి రాదు. మన దగ్గర అసెంబ్లీ ఎన్నిక తర్వాత ఫారం 20 తీస్తే బూత్ వారీగా అంతా కనిపిస్తుంది. ఇక్కడ అన్నిటికంటే చిన్న ముక్క వార్డే. ‘మా వీధిలో మాకే ఎక్కువ పడ్డాయి’ అని ఎవరైనా అంటే అది పెట్టె తెరిచినప్పుడు బల్ల అవతల నిలబడి కౌంటింగ్ ఏజెంట్లు గీసుకున్న టిక్కుల అంచనా, అంతే.

కలిపాక కాగితాల్ని వేరు చేస్తారు. మూడు గుర్తులూ ఒకే ప్యానెల్‌కి పడ్డవి ఒక గుట్ట. వాటిని కట్టలు కట్టి, కట్టకి ఎన్నో అన్ని ఓట్లు ఆ ముగ్గురికీ సమానంగా వేసేస్తారు. త్వరగా అయ్యే పని. మిగిలినవి, అంటే క్రాస్ ఓట్లు, ఒకటీ రెండే గుర్తులున్నవి, ఇవే తల తినేవి. వాటిని ఒక పెద్ద షీటు మీద ఒకదాని మీద ఒకటి, కుడివైపు గళ్లు మాత్రం కనిపించేలా పేర్చి అంటిస్తారు. అప్పుడు ఒక్కో అభ్యర్థికి పడ్డ గుర్తులు వరుసగా కనిపిస్తాయి, ఆ వరస కూడి చివర రాస్తారు. కాగితాలు అలా వేలాడుతుంటాయని దాన్ని అక్కడ ‘గ్రాస్ స్కర్ట్’ అంటారు. గడ్డి లంగా అన్నమాట! కొన్ని కౌన్సిళ్లు అంటించకుండా, ఒకరు పేర్లు చదువుతుంటే ఇంకొకరు గీతలు గీసే పద్ధతి వాడతాయి.

తప్పులు ఎక్కడ దొర్లుతాయంటే, మొదటిది ప్యానెల్ గుట్టలోకి ఒక క్రాస్ ఓటు జారిపోవడం. కట్ట తిరగేసి చూస్తే దొరుకుతుంది. రెండోది ప్రమాదకరమైనది: ఒక పార్టీ కట్ట మొత్తం ఇంకో పార్టీ ఖాతాలో పడటం. వంద కాగితాల కట్ట అటుదిటైతే ఇటు ముగ్గురికీ వంద తగ్గి, అటు ముగ్గురికీ వంద పెరుగుతుంది. తేడా 200 మారిపోతుంది. మన ఉదాహరణ వార్డులో 75 తేడా ఉందని గుర్తుంచుకోండి. మూడోది షీటు కూడికలో పొరపాటు. వీటిని పట్టుకోవడానికి ఒక సులువైన లెక్కుంది: అందరికీ పడ్డ ఓట్లు, వాడని ఓట్లు కలిపితే చెల్లిన కాగితాలకి సరిగ్గా మూడు రెట్లు రావాలి. 10,805, 895 కలిపితే 11,700. ఇది కుదరకపోతే ఎక్కడో తప్పుంది. కట్ట తారుమారైతే మాత్రం ఈ లెక్క కుదురుతూనే ఉంటుంది, అదే చిక్కు. అందుకే తెలిసిన ఏజెంట్లు కూడికల కంటే కట్టల మీద చీటీలనే కాపలా కాస్తారు.

చెల్లని ఓట్లకి కారణాలు నాలుగే: అధికారిక ముద్ర లేకపోవడం, సీట్ల కంటే ఎక్కువ గుర్తులు వేయడం, ఓటరెవరో తెలిసేలా రాయడం, ఖాళీగానో ఏమీ తేలకుండానో ఉండటం. మూడు సీట్లకి నాలుగు గుర్తులు పడితే కాగితం మొత్తం పోతుంది. రెండు గుర్తులు స్పష్టంగా ఉండి మూడోది ఎవరికో తెలియకపోతే ఆ ఒక్క ఓటే పోతుంది, మిగతా రెండూ లెక్కలోకి వస్తాయి. క్రాస్ గుర్తు బదులు టిక్ పెట్టినా ఉద్దేశం తెలిస్తే చెల్లుతుంది. నోటా లేదు. ఎవరూ నచ్చకపోతే ఖాళీ కాగితం వేయడమే, అది చెల్లనివాటిలో చేరుతుంది.

అభ్యర్థి గానీ ఏజెంటు గానీ రీకౌంట్ అడగొచ్చు. అడిగిన ప్రతిసారీ ఇవ్వాలని లేదు, అర్థంలేని కోరికని రిటర్నింగ్ అధికారి తోసిపుచ్చవచ్చు. చివరి సీటుకి ఇద్దరికీ సమానంగా వస్తే లాటరీయే. మన పంచాయతీ ఎన్నికల్లో చీటీ తీసినట్టే. పేరు వచ్చినవాళ్లకి ఒక ఓటు అదనంగా పడినట్టు భావించి గెలుపు ప్రకటిస్తారు. 2017లో నార్తంబర్‌ల్యాండ్ కౌన్సిల్‌లో (బరో కాదు, కౌంటీ) సౌత్ బ్లైత్ వార్డు ఇలాగే పుల్లలు లాగి తేల్చారు. ఆ ఒక్క సీటు లిబరల్ డెమొక్రాట్లకు వెళ్లడంతో కన్జర్వేటివ్‌లు 67లో 33 దగ్గర, మెజారిటీకి ఒకటి తక్కువలో ఆగిపోయారు.

ఫలితం ప్రకటించాక రీకౌంట్ ఉండదు, ఎన్నికల పిటిషన్ ఒక్కటే దారి. గడువు 21 రోజులు, మామూలుగా ఒక్కరోజు కూడా పొడిగించరు. అది ఉత్తుత్తి హక్కు కాదు. లండన్‌లోని టవర్ హామ్లెట్స్ బరోలో 2014 మేయర్ ఎన్నికని నలుగురు ఓటర్లు సవాలు చేస్తే 2015 ఏప్రిల్‌లో ఎన్నికల న్యాయస్థానం దాన్ని రద్దు చేసి, మేయర్ లుత్ఫుర్ రెహ్మాన్‌ని అయిదేళ్లు పోటీకి అనర్హుడిని చేసింది. ఆ గడువు తీరాక 2022లో ఆయనే మళ్లీ గెలిచారు. ఆయన పార్టీ యాస్పైర్ 45 సీట్లలో 24 తెచ్చుకుంది.

బరో మొత్తం చూస్తే ప్యానెల్ పద్ధతి ఓట్లని ఎంత ఉబ్బించి సీట్లుగా మారుస్తుందో తెలుస్తుంది. వార్డులో కాస్త ముందున్న పార్టీ మూడు సీట్లూ ఊడ్చుకుపోతుంది. బార్కింగ్ అండ్ డాగెన్‌హమ్‌లో 2010, 2014, 2018, 2022 నాలుగుసార్లూ 51కి 51 లేబర్‌వే. మన తెలుగు విద్యార్థులు ఎక్కువగా ఉండే ఈస్ట్ హామ్ న్యూహామ్ బరోలోది. అక్కడ 2018లో 60కి 60 లేబర్, 2022లో 66లో 64 లేబర్, రెండు గ్రీన్. రిచ్‌మండ్‌లో 2022లో 54 సీట్లలో లిబరల్ డెమొక్రాట్లకు 48, గ్రీన్‌కి 5, కన్జర్వేటివ్‌లకు ఒక్కటి. ఈ బరోల్లో మిగతా పార్టీలకి ఓటేసినవాళ్లు లేరని కాదు, వాళ్లు దాదాపు ఏ వార్డులోనూ గెలుపు స్థానం అందుకునేంత గుంపుగా లేరు. అందుకే సీట్ల బొమ్మ చూసి ‘ఊరంతా వాళ్లదే’ అనకండి. 2022లో ఒకే రాత్రి లేబర్ వాండ్స్‌వర్త్, వెస్ట్‌మిన్‌స్టర్, బార్నెట్ గెలిచి హారో పోగొట్టుకుంది. ఒక్క బరో ఫలితంలో దేశం గాలి వెతికే వ్యాఖ్యాతలు సాధారణంగా అందులో తమకు కావాల్సినదే వెతుక్కుంటారు.

ఇదంతా లండన్ బరోల సంగతి, అక్కడ నాలుగేళ్లకోసారి అన్ని సీట్లకీ ఒకేసారి ఎన్నిక. బరో అన్న మాట ఒకటే గానీ అన్నీ ఒక రకం కాదు. మాంచెస్టర్ పక్కనున్న స్టాక్‌పోర్ట్ లాంటి మెట్రోపాలిటన్ బరోల్లో చాలావరకు మూడో వంతు సీట్లకే ఎన్నిక జరుగుతుంది. నాలుగేళ్ల చక్రంలో మూడేళ్లు ఎన్నిక, ఒక ఏడు ఖాళీ. స్టాక్‌పోర్ట్‌లో 21 వార్డులు, 63 సీట్లు, ఒక్కోసారి పోటీకి వచ్చేవి 21. ఆ రాత్రి ఒక పార్టీ 21లో 12 గెలిచినా కౌన్సిల్ దాని చేతికి వచ్చినట్టు కాదు, పోటీలో లేని 42 సీట్లు ఎవరివో చూడాలి. అలాంటి చోట హద్దులు మారి అన్ని సీట్లకీ ఒకేసారి ఎన్నిక పెడితే వార్డులో స్థానాలకి కూడా విలువ వస్తుంది: ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లకి పూర్తికాలం, మూడో స్థానంలో గెలిచినవాళ్లు అందరికంటే ముందు మళ్లీ ఓటర్ల దగ్గరికి పోవాలి. హారోలో ఈ బాధ లేదు, ముగ్గురికీ ఒకే పదవీకాలం.

ఫలితాల పట్టికలో ఒకటి రెండు వార్డులు ఖాళీగా కనిపిస్తే భయపడకండి. పోటీలో ఉన్న అభ్యర్థి చనిపోతే ఆ వార్డు ఎన్నిక ఆగి, 35 పనిదినాల్లోపు మళ్లీ జరుగుతుంది.

ఎవరికీ మెజారిటీ రాకపోతే ఆ బరో పేరు పక్కన ‘ఎన్‌ఓసీ’ అని రాస్తారు, అంటే ఏ పార్టీ చేతిలోనూ లేదని. లండన్ బయట స్లౌలో 2023లో ఇదే జరిగింది: 42 సీట్లలో కన్జర్వేటివ్ 21, లేబర్ 18, లిబరల్ డెమొక్రాట్ 3. సరిగ్గా సగం వచ్చినా సగం సరిపోదు. లిబరల్ డెమొక్రాట్ల మద్దతుతో కన్జర్వేటివ్‌లు పాలన చేపట్టారు. అప్పుడు అసలు నిర్ణయం ఓట్ల లెక్కింపు హాల్లో కాదు, వార్షిక సమావేశంలో నాయకుడి ఎన్నికలో జరుగుతుంది. కొత్త కౌన్సిలర్లు పోలింగ్ తర్వాత నాలుగో రోజు, అంటే గురువారం ఎన్నికైతే సోమవారం పదవిలోకి వస్తారు. ఆ తర్వాత మూడు వారాల్లోపు ఈ సమావేశం పెట్టాలి. అక్కడ ఎన్నికైన లీడర్ ఇద్దరి నుంచి తొమ్మిది మందిదాకా క్యాబినెట్ వేసుకుంటారు. జీహెచ్ఎంసీలో ఎమ్మెల్యేలు, ఎంపీలు ఎక్స్ అఫిషియో (పదవి రీత్యా) సభ్యులుగా మేయర్ ఎన్నికలో ఓటేయడం మనకి అలవాటు. 2020లో అక్కడ 150 వార్డుల్లో టీఆర్‌ఎస్ 56, బీజేపీ 48, ఎంఐఎం 44, కాంగ్రెస్ 2 గెలిస్తే అందరూ ముందు లెక్కవేసింది ఎక్స్ అఫిషియో ఓట్లే. ఇంగ్లండ్‌లో ఆ లెక్క లేదు. స్థానిక ఎంపీకి కౌన్సిల్‌లో ఓటు లేదు, గెలిచిన కౌన్సిలర్లే మొత్తం సభ.

మేయర్ అన్న మాట దగ్గర కూడా జాగ్రత్త. హారోలో మేయర్ అంటే మెడలో బంగారు గొలుసుతో సభని నడిపించే గౌరవ పదవి. ఏడాదికొకరిని కౌన్సిలర్లే ఎన్నుకుంటారు, అధికారం లీడర్‌ది. క్రోయిడన్, హాక్నీ, లూయిషమ్, న్యూహామ్, టవర్ హామ్లెట్స్‌లలో మాత్రం మేయర్‌ని ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు, అధికారమూ ఆయనదే. క్రోయిడన్‌లో 2022లో కౌన్సిల్‌ లేబర్ 34, కన్జర్వేటివ్ 33, గ్రీన్ 2, లిబరల్ డెమొక్రాట్ 1గా చీలింది, మేయర్ మాత్రం కన్జర్వేటివ్. అలాంటి బరోలో కౌన్సిలర్ల పట్టిక ఒక్కటే చూసి ఎవరు పాలిస్తున్నారో చెప్పడం కుదరదు.

మీ చివరి ప్రశ్నకి: ఉంది, మీకు ఓటుంది. భారతదేశం కామన్వెల్త్ దేశం కాబట్టి చెల్లుబాటయ్యే వీసా మీద చట్టబద్ధంగా ఉంటున్న భారతీయులు, విద్యార్థులైనా ఉద్యోగులైనా, 18 ఏళ్లు నిండితే కౌన్సిల్ ఎన్నికల్లో ఓటేయొచ్చు. కౌన్సిల్ ట్యాక్స్ కడుతున్నాం కదా అని పేరు దానంతటదే ఓటర్ల జాబితాలో చేరదు, విడిగా నమోదు చేసుకోవాలి. గడువు పోలింగ్‌కి 12 పనిదినాల ముందు. పోస్టల్ ఓటుకి 11 పనిదినాల ముందు సాయంత్రం 5 గంటలు. ఈస్టర్ సెలవులు, మే మొదటి సోమవారం సెలవు లెక్కలోంచి తీసేయాలి. అందుకే క్యాలెండర్‌లో రెండు వారాలని లెక్కేసుకున్నవాళ్లు మోసపోతుంటారు. 2023 మే నుంచి పోలింగ్ కేంద్రంలో ఫొటో గుర్తింపు తప్పనిసరి. భారత పాస్‌పోర్ట్ చెల్లుతుంది, గడువు దాటినా ఫొటోలో మీరే అని తెలిస్తే చాలు. యూనివర్సిటీ ఐడీ కార్డు చెల్లదు. మనవాళ్లకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరుతో: పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా, జాబితాలో పొడి అక్షరంగా, లేదా ముందువెనకలుగా ఉంటుంది. నమోదు చేసుకునేటప్పుడే పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు రాస్తే పోలింగ్ రోజు ఆ వాదన ఉండదు.

పోటీ చేయడానికి మాత్రం మామూలు వీసా చాలదు. భారత పౌరులైతే ఐఎల్‌ఆర్, అంటే శాశ్వత నివాస అనుమతి ఉండాలి. దానితోపాటు ఆ బరో ఓటరై ఉండటమో, ఏడాదిగా అక్కడ ఉంటూ లేదా పని చేస్తూ ఉండటమో, ఇలాంటి అర్హత ఒకటి కావాలి. ఆ కౌన్సిల్‌లోనే ఉద్యోగం చేస్తుంటే అనర్హులు. డిపాజిట్ లేదు, ప్రతిపాదించేవారు ఒకరు, బలపరిచేవారు ఒకరు చాలు. నామినేషన్ పత్రాలు పోలింగ్‌కి 19 పనిదినాల ముందు సాయంత్రం 4 గంటల్లోపు చేత్తో ఇవ్వాలి, ఈమెయిల్ కుదరదు. పత్రంలో అందరూ పిలిచే పేరు రాసే గడి ఒకటుంటుంది. పొడవాటి ఇంటిపేరు బదులు నిజంగా వాడుకలో ఉన్న పేరుతో బ్యాలెట్ మీద కనిపించాలనుకుంటే అది అక్కడే నింపాలి. బ్యాలెట్ మీద వరస ఆ పేరు మొదటి అక్షరాన్ని బట్టే వస్తుంది. ఆ సాయంత్రం 4 గంటలు దాటాక దాన్ని మార్చడం కుదరదు.